చెవికి పట్టేంత ఇండెక్స్

శాలువా కప్పారు

నేను రిటైరైన రోజు ఆఫీసులో శాలువా కప్పి, ఈ కంపెనీకి వెన్నెముక అని పొగిడారు. కంపెనీ వెన్నెముక సంగతి నాకు తెలియదు గాని, నా నడుము మాత్రం అక్కడి కుర్చీలోనే పోయింది. కల్లూరులో మా వీధివాళ్లు నేను కంప్యూటర్లు రిపేరు చేసేదాన్నని ఇప్పటికీ అనుకుంటారు. మొన్న ఎదురింటావిడ ఛార్జింగ్ నిలవని ఫోను తెచ్చి చేతిలో పెట్టింది. నా పని అది కాదని చెప్పే ఓపిక లేక, కవరు ఊడదీసి, తుడిచి ఇచ్చాను. బాగైందని ఆవిడే చెప్పింది.

అందుకని ఈ పనిలోకి కొత్తగా వచ్చే పిల్లల కోసం, నేను నిజంగా చేసిందేమిటో రాసిపెడుతున్నాను. ఎప్పుడు చేరాను, ఎప్పుడు సీనియర్ అయ్యాను అన్నవి వదిలేస్తాను. అవి ఏ ఆఫీసులోనైనా ఒకటే. నా ఉద్యోగంలో నన్ను ఎక్కువగా తినేసిన పని ఒకటుంది: ఒక పెద్ద కోడ్ లైబ్రరీకి ఉన్న ఇండెక్స్ ఫైలు ఉబ్బిపోకుండా చూసుకోవడం. కాలేజీలో దీని ఊసే రాదు. చేస్తే ఎవరికీ కనపడదు. చేయకపోతే అందరూ విసుక్కుంటారు, అది కూడా దేనికి విసుక్కుంటున్నారో తెలియకుండా.

ఇండెక్స్ ఫైలంటే తెలియనివాళ్లకు నాలుగు మాటలు చెబుతాను. ప్రోగ్రామ్ అంటే ఒక్కో పని చేసే చిన్న చిన్న ఫంక్షన్ల కుప్ప. ప్రతి ఫంక్షన్‌కూ ఒక పేరుంటుంది. దాన్ని ఒకచోట రాస్తారు, వంద చోట్ల వాడతారు. అలా రాసిపెట్టుకున్నవాటి గుట్టనే లైబ్రరీ అంటాం. కోడ్ చదువుతూ పోతుంటే ఒక పేరు తగులుతుంది. అది ఎక్కడ రాసి ఉందో చూడాలనిపిస్తుంది. ఆ పేరు మీద నిలబడి ఒక మీట నొక్కితే, మనం కోడ్ రాసుకునే ఎడిటర్ ఇండెక్స్ ఫైల్లో వెతికి, నేరుగా అక్కడికి తీసుకుపోతుంది. ఆ ఫైల్లో ఉండేదల్లా పేరు, అది ఏ ఫైల్లో ఉంది, ఏ వరుసలో ఉంది, అంతే. దాన్ని తయారుచేయడానికి ఒక పనిముట్టు ఉంది. ఏ ఫోల్డర్ మీదికి తోలితే దానిలోని పేర్లన్నీ ఏరుకొస్తుంది. చేయడంలో కష్టమేమీ లేదు. అందులో ఏది ఉండకూడదో తేల్చుకోవడం దగ్గరే మనిషి కావాలి.

నీది వేరేప్పా

మాది చిన్న కంపెనీ. లారీలు తూచే కాటాలకు సాఫ్ట్‌వేర్ రాసేవాళ్లం. బేతంచెర్ల బండల ఫ్యాక్టరీలు, మంగంపేట ముగ్గురాయి గనులు, ఆ దారిలోని సిమెంటు గోడౌన్లు మా కస్టమర్లు. లారీ కాటా ఎక్కగానే బరువు తీసుకోవాలి, ఖాళీ లారీ బరువు తీసేయాలి, రసీదు కొట్టాలి. చెబితే ఇంతే. రాస్తే మాత్రం ఊరంత అయింది.

మా ఓనరు శివారెడ్డి సారు. సేద్యం ఇంట్లో పుట్టి, విత్తనాల అంగడి పెట్టి, బోర్లు వేసే లారీ తిప్పి, ఆఖరికి మా దగ్గర తేలాడు. కంప్యూటర్ సంగతి ఆయనకు పెద్దగా తెలియదు. మనుషుల సంగతి బాగా తెలుసు. ఒకరోజు బేతంచెర్ల ఫ్యాక్టరీ ఆయన ఒకరు వచ్చి, కుర్చీలో కూర్చోకుండానే మొదలుపెట్టాడు.

"పక్క ఫ్యాక్టరీవానికి పెట్టిందే నాకూ పెడ్తాండావంట గదా రెడ్డీ? వానిది వానికి, నాది నాకు. రెండూ కలిస్తే నేనొప్పుకోను."

"ఛ, నీది వేరేప్పా. నీ కోసమే కొత్తగా రాపిస్తాండాం," అన్నాడు సారు.

ఆయన అటు పోగానే నన్ను పిలిచాడు. "రమాదేవమ్మా, ఆయప్పకు ఒక ఫోల్డర్ చెయ్యి."

ఫోల్డర్ చేయడమంటే, ఉన్న లైబ్రరీ మొత్తాన్ని ఇంకో కాపీ తీసి, దానికి ఆ కస్టమర్ పేరు పెట్టడం. కోడ్ ఒకటే అయినా ఎవరి లెక్కలు వాళ్లవిగానే ఉంటాయి సార్, కలవవు, అని చెప్పిచూశాను.

"నాకు తెలుసమ్మా. ఆయనకు తెల్దు గదా. మాటిచ్చినా," అన్నాడు.

అందరికీ ఇదే మాట ఇచ్చాడు. మా వైపు అన్నదమ్ములు విడిపోతే ఇంటి మధ్యన గోడ లేపుతారు గాని, బావి మాత్రం ఉమ్మడిగా ఉంచుకుంటారు. మేము బావి కూడా ఎవరిది వాళ్లకు తవ్వి ఇచ్చాం. ఎంతమంది కస్టమర్లో అన్ని కాపీలు. బరువు తీసుకునే ఫంక్షన్ అన్నింటిలోనూ అదే పేరుతో ఉంటుంది, ఒక్కోదాంట్లో కాస్త తేడాగా. ఒకాయనకు కిలోలు దగ్గరి పదికి సరిచేసి చూపాలి, ఇంకొకాయనకు రసీదు పైన ఇలవేల్పు పేరు రావాలి. వీటికి తోడు తెరలు గీయడానికి, రసీదులు కొట్టడానికి బయటినుంచి తెచ్చుకున్న లైబ్రరీలు. అవి ఒక్కొక్కటీ మా కోడ్ కంటే పెద్దవి. ఇండెక్స్ పనిముట్టుకు ఇవేవీ తేడా తెలియవు. అన్నింటినీ ఏరుకొచ్చి ఒకే ఫైల్లో పోసేది. దాన్ని మళ్లీ తయారుచేయమని చెప్పి, కిందికి పోయి టీ తాగి పైకొచ్చినా అయ్యేది కాదు. మెల్లగా అందరికీ అలవాటైపోయింది. అలవాటైన కష్టాన్ని ఏ ఆఫీసులోనూ ఎవరూ కష్టమనరు.

వీరన్న

వీరన్న నా తర్వాత కొన్నేళ్లకు చేరాడు. ఎమ్మిగనూరు మగ్గాల ఇంటి మనిషి. మాట నెమ్మది, కోడ్ శుభ్రం. నన్ను మొదటి రోజు నుంచీ అక్కా అనే పిలిచాడు. కొన్నాళ్లకు సాయంత్రం పూట షేర్ ఆటో దిగుతూ తడబడటం మొదలైంది. అందరం నవ్వాం. తర్వాత పక్కనుంచి వచ్చేవాళ్లు కనపడక గుద్దుకునేవాడు. గొట్టంలోంచి చూసినట్టుందని తనే చెప్పాడు. కంటి లోపలి పొర పోతోంది, ఆపరేషన్‌కు లొంగదు అన్నారట డాక్టర్లు. ఆఖరికి ఆ గొట్టం కూడా మూసుకుపోయింది.

అంతకు ముందే, డాక్టర్ల మాట నీళ్ల క్యాన్ దగ్గర నాకు మొదట చెప్పాడు. "అక్కా, సారుకు ఇప్పుడే చెప్పొద్దు. నేనొక దారి చూసుకుంటాండా."

ఆ దారి, తెర మీద ఉన్నదాన్ని చదివి వినిపించే సాఫ్ట్‌వేర్. చెవుల్లో ఇయర్‌ఫోన్లు పెట్టుకుని, పట్టుపట్టి నేర్చుకున్నాడు. అది మాట్లాడే వేగానికి మాకు గరగరమనడం తప్ప ఏమీ అర్థమయ్యేది కాదు. అతను మాత్రం దాంతోనే కోడ్ చదివేవాడు, దాంతోనే రాసేవాడు. ఇద్దరు ఆడపిల్లలు చదువుకుంటున్నారు. ఇంట్లో సంపాదన అతనిదే.

"ఈ పని పోతే నాకు ఇంకో పని ల్యాదక్కా. పోయి మగ్గం మీద కూర్చుందామన్నా దారం కనపడాల గదా," అన్నాడు ఒకరోజు, టిఫిన్ డబ్బా మూత వెతుక్కుంటూ. నేను మూత అతని చేతికి ఆనించాను.

ఇప్పుడు ఇండెక్స్ సంగతికి వద్దాం. ఒకే పేరు చాలా చోట్ల ఉంటే, మీట నొక్కగానే ఎడిటర్ ఒక జాబితా తెరుస్తుంది, ఇందులో నీకు ఏది కావాలి అని. మనకు కళ్లున్నాయి, జాబితా మీద అలా చూపు పారేసి కావలసింది పట్టుకుంటాం. వీరన్నకు దాన్ని ఆ సాఫ్ట్‌వేర్ చదివి వినిపించాలి. పేరు, ఫోల్డర్, ఫైలు, వరుస. మళ్లీ అదే పేరు, ఇంకో ఫోల్డర్. తనది వచ్చేదాకా వినాలి. ఒకరోజు తన ఇయర్‌ఫోన్ ఒకటి నా చెవిలో పెట్టాడు. బరువు ఫంక్షన్ అడిగితే అది చదువుతూనే ఉంది. ఈలోగా పక్క బల్ల దగ్గర శ్రీకాంత్ అనే కుర్ర ఇంజనీరు తన పని ముగించి లేచాడు.

"చూడక్కా, ఒక్క తలుపు తియ్యాలంటే ఊర్లో అన్ని తలుపులూ కొట్టుకుంటా పోవాల్సి వస్తాండాది," అన్నాడు వీరన్న.

వీరన్న పని మందగించింది. సారు కంట్లో పడింది. నన్ను లోపలికి పిలిచాడు.

"వీరన్నను ఫోన్ల కాడ కూర్చోబెడ్దామనుకుంటాండా. కస్టమర్లతో మాట్లాడుతాడు. శానా మంచోడే, తీసేస్తానని నేనంటాల్యా. పని నడవాల గదమ్మా."

ఫోన్ల దగ్గర కూర్చోవడమంటే ఏమిటో మా ఆఫీసులో అందరికీ తెలుసు. కాటా పనిచేయకపోతే లారీలవాళ్లు, ఫ్యాక్టరీలవాళ్లు అందరూ తిట్టేది ఆ ఫోన్లోనే. అక్కడ కూర్చున్నవాళ్లెవరూ నిలవలేదు, వాళ్లంతట వాళ్లే మానేసి పోయారు. వీరన్న మానేస్తే యాడికి పోతాడు? ఈ ఎండలు తగ్గేదాకా ఆగమని సారును బతిమాలాను. సరేనన్నాడు.

ఏవి తీసేశాను

ముందు అందరూ చెప్పిన మందు పెద్ద మెషిన్ కొనడం. శ్రీకాంత్‌ది కడప వైపు, చురుకైనవాడు. "కొత్త మెషిన్ తెస్తే పాయె గదా మేడం, ఇంత ఆలోచన దేనికి?" అన్నాడు. తెచ్చారు. ఇండెక్స్ చిటికెలో తయారైంది. అందరూ సంతోషించారు. వీరన్న వినే జాబితా ఒక్క వరుస కూడా తగ్గలేదు. మెషిన్ వేగం పెరిగితే చెవి వేగం పెరుగుతుందా?

అప్పుడు ఇండెక్స్‌లోంచి అక్కర్లేని పేర్లు తీసేయడం మొదలుపెట్టాను. ఈ పనిలోకి వచ్చేవాళ్లకు పనికొస్తుంది కాబట్టి ఎలా చేశానో చెబుతాను. మొదట, మెషిన్ తనంతట తను రాసుకునే ఫైళ్లు. వాటిని మనిషి చదవడు, వాటి పేర్లు ఎవరికీ అక్కర్లేదు. వాటిని తీసేస్తేనే ఫైలు సన్నబడింది. తర్వాత, ఫంక్షన్ లోపలే పుట్టి లోపలే పోయే చిన్న చిన్న పేర్లు. వాటిని ఏరొద్దని ఆ పనిముట్టుకు ఎవరూ చెప్పలేదు కాబట్టి అవన్నీ ఏరుకొస్తోంది. బయటినుంచి తెచ్చుకున్న లైబ్రరీల దగ్గర మనకు కావలసింది వాటి గడప వరకే, ఇంట్లో ఏముందో మనకెందుకు? మనం పిలిచే పేర్లతో మాత్రమే వాటికి విడిగా ఒక ఇండెక్స్ చేసి పక్కన పెట్టాను. ఆ లైబ్రరీ మారితే తప్ప దాన్ని మళ్లీ ముట్టుకోనక్కర్లేదు. ఇక కస్టమర్ల కాపీలు. ఏ ఫోల్డర్‌కు ఆ ఫోల్డర్లోనే చిన్న ఇండెక్స్. వీరన్న మంగంపేట కోడ్‌లో ఉంటే ఎడిటర్ ముందు మంగంపేట ఇండెక్సే చూడాలి, అందులో దొరక్కపోతేనే బయటి లైబ్రరీల దాని దగ్గరికి పోవాలి.

శ్రీకాంత్ ఒప్పుకోలేదు. "బరువు ఫంక్షన్లో తప్పు దొరికిందనుకోండి మేడం. అది ఏయే కాపీల్లో ఉండాదో తెలియాల గదా? అన్నీ ఒక్కచోట ఉంటేనే కదా తెలిసేది?"

అతను చెప్పింది నిజమే. ఆ మాటకు నాకు ఒళ్లు మండింది గాని, నిజమే. అందుకని అన్నీ ఉన్న పెద్ద ఇండెక్స్‌ను కూడా ఉంచాను. వారానికోసారి తయారవుతుంది, పనిగట్టుకుని అడిగితేనే తెరుచుకుంటుంది. మన మాట కాదన్నవాడి మీద కోపం వచ్చినా, వాడు చెప్పిన దాంట్లో పనికొచ్చేది తీసుకోండి. నేను దీన్ని చాలా ఆలస్యంగా నేర్చుకున్నాను.

అయితే దీనికి అందరూ తమ ఎడిటర్లలో మార్పు చేసుకోవాలి. మిగతావాళ్లు ముఖం ముడుచుకున్నారు. ఒక్కడి కోసం అందరం మారాలా అన్నట్టుంది వాళ్ల వాలకం. నోటితో మాత్రం ఎవరూ అనలేదు. సారు మాత్రం పైకే అన్నాడు: "ఉన్నదాన్ని తీసేస్తే, రేపు ఏదన్నా కనపడల్యాదంటే ఎవరమ్మా జవాబు చెప్పేది?"

నాకు వాదించే ఓపిక అయిపోయింది. సారును చేయిపట్టి తీసుకొచ్చినంత పని చేసి, వీరన్న కుర్చీలో కూర్చోబెట్టాను. ఇయర్‌ఫోన్లు ఆయన చెవుల్లో పెట్టి, మామూలు మనిషికి అర్థమయ్యేలా గొంతు వేగం తగ్గించమని వీరన్నతో చెప్పాను. బరువు ఫంక్షన్ మీద నిలబెట్టి, మీట నొక్కమన్నాను.

అది మొదలుపెట్టింది. ముందు బేతంచెర్ల ఆయన పేరు. ఆ వెంటనే ఆయనకు పడని పక్క ఫ్యాక్టరీ ఆయన పేరు. తర్వాత మంగంపేట. తర్వాత గోడౌన్లు. శుభలేఖ వెనక బంధువుల పేర్లు చదివినట్టు, నీది వేరేప్పా అని సారు మాటిచ్చిన ప్రతి ఒక్కరినీ వరుసగా పిలుస్తూ పోతోంది, అందరికీ ఒకటే ఫంక్షన్. సారు ముఖంలో నవ్వు పోయింది. కాసేపటికి ఒక చెవిలోది తీసి పట్టుకున్నాడు.

"ఇంకా ఉండాయా?"

"ఇంకా సగం గూడా కాల్యాదు సార్," అన్నాడు వీరన్న.

"దినమంతా ఇదే ఇంటాండావా నువ్వు?"

"అవును సార్."

"మరి నాకెందుకు చెప్పల్యా?"

"చెప్తే ఏం చేస్తారోనని భయపడితి సార్."

సారు ఇయర్‌ఫోన్లు తీసి, చుట్టచుట్టి, జాగ్రత్తగా బల్ల మీద పెట్టాడు. "నువ్వేం చెయ్యాలనుకుంటాండావో చెయ్యమ్మా. అడ్డమొచ్చినోళ్లను నా కాడికి పంపు," అని లోపలికి పోయాడు. ఆయన్ను కదిలించింది వీరన్న మీద జాలో, తన మాటలన్నీ ఒకేచోట వినాల్సి వచ్చిన సిగ్గో నాకు తెలియదు. ఏదైనా నాకు సరిపోయింది. ఫోన్ల సీటు మాట మళ్లీ రాలేదు.

రోజూ ఊడవాలి

అంతటితో అయిపోయిందనుకున్నాను. పిచ్చిదాన్ని. కొత్త కస్టమర్ వస్తే కొత్త కాపీ, దానితోపాటే పాత ఫోల్డర్ ఇండెక్స్ కూడా కాపీ అయి వచ్చేది. ఎవరో ఒకరు బయటినుంచి ఇంకో లైబ్రరీ తెచ్చి ఎక్కడపడితే అక్కడ పడేసేవారు, అందులోని పేర్లన్నీ వచ్చి చేరేవి. మా కల్లూరులో పొద్దున్నే బండలు తుడిస్తే, మధ్యాహ్నం గాలికి మళ్లీ దుమ్ము. ఇదీ అంతే. ప్రతి సోమవారం కూర్చుని ఏం వచ్చి చేరిందో చూసి తీసేసేదాన్ని. ఒక్కరైనా అడిగింది లేదు. కాపీలన్నీ కలిపి ఒకటి చేద్దాం సార్ అని ఎన్నోసార్లు అడిగి, ఆయన మాటిచ్చినా అనడం విని విని, అడగడం మానేశాను. అసలు జబ్బు ఆ కాపీలే. నేను ఇన్నేళ్లూ జ్వరానికి మాత్ర వేస్తూ వచ్చాను. ఈ సంగతి దాచుకోవడం నాకిష్టం లేదు. మీరు చేరిన చోట కూడా జబ్బు ముట్టుకోనివ్వరు. అయినా మాత్ర వేయడం మానొద్దు, దాని మీద ఆధారపడి ఒక మనిషి పని చేసుకుంటూ ఉండొచ్చు.

రిటైరయ్యేముందు నాకు ఒకటే భయం. నా తర్వాత ఇది ఎవరు చూస్తారు? నా కుర్చీ శ్రీకాంత్‌కు వచ్చింది. ఇండెక్స్‌లో ఏవి వదిలేయాలో రాసి ఉన్న ఫైలు తెరిచి అతనికి వివరంగా చెప్పాను. సరే మేడం, సరే మేడం అన్నాడు, ఫోన్ చూసుకుంటూ. పెద్దవాళ్లను సాగనంపడానికి అనే సరే అది. నాకు తెలియదా?

"నేను పొయ్యేలోపల ఒక్కపూట వీరన్న ఇయర్‌ఫోన్లు పెట్టుకొని, కండ్లు మూసుకొని పని చేసి చూడు," అన్నాను.

"సరే మేడం," అన్నాడు. నేనున్నంతవరకు చేయగా చూడలేదు.

శాలువా కప్పిన రోజు వీరన్న నా చేయి పట్టుకుని మెట్లు దిగాడు. "నువ్వు పోతే ఇది మల్లా పెరుగుతాదక్కా," అన్నాడు.

"శ్రీకాంత్ ఉండాడు గదా."

అతను నవ్వి, తర్వాతి మెట్టు కోసం కాలు చాపాడు. నాకు కోపం వచ్చింది, ఎవరి మీదో చెప్పలేను. ఇన్నేళ్లు చేసిన పని నా వెనకాలే కొట్టుకుపోతుందని తెలిసి షేర్ ఆటో ఎక్కాను.

ఆ తర్వాత పెద్ద కాంట్రాక్టు వచ్చిందని, కడప వైపు గనులు చాలా చేరాయని విన్నాను. అంటే కాపీల మీద కాపీలు. ఫోన్ చేసి అడగబుద్ధి కాలేదు. అడిగి నేను చేసేదేముంది? ఇండెక్స్ మాట మరిచిపోవడానికి ఇంట్లో పప్పుడబ్బాలు సర్దుకుంటూ కాలం గడిపాను.

మొన్న మధ్యాహ్నం భోంచేసి నడుం వాల్చానో లేదో ఫోన్ మోగింది. చూస్తే ఆఫీసు నంబరు. అది కస్టమర్లు తిట్టడానికి చేసే ఫోన్. గబుక్కున లేచి కూర్చుని ఎత్తాను.

"అక్కా, నేను."

"వీరన్నా! ఫోన్ల కాడ కూర్చోబెట్టినారా నిన్ను?"

"అయ్యో, ల్యాదక్కా. నా ఫోన్లో ఛార్జింగ్ అయిపాయె, దీంట్లోంచి చేస్తాండా. ఉండు, పెట్టేయొద్దు. ఇది ఇను."

రిసీవర్ ఎక్కడో ఆనించిన చప్పుడు. మీట నొక్కిన చప్పుడు. తర్వాత ఆ గొంతు, నాకోసం వేగం తగ్గించి పెట్టింది. బరువు ఫంక్షన్ పేరు చదివింది. ఒక కొత్త గని పేరు, ఫైలు, వరుస చదివింది. ఆగింది.

నేను తర్వాతి పేరు కోసం ఎదురుచూశాను. ఇన్నేళ్ల అలవాటు. అటువైపు ఫ్యాన్ తిరుగుతోంది, రోడ్డు మీద బండల లారీ ఒకటి పోయింది. ఇంకేమీ రాలేదు.

"అంతేనా?" అన్నాను.

"అంతే."

"ఎవరు చేసినారు?"

"ఇంకెవరు, శ్రీకాంతే. సోమారం వస్తే చాలు, ఊడ్చేదాకా లేయడు. కండ్లు మూసుకొని పని చేస్తానని కూర్చొని, నా ఇయర్‌ఫోన్లు ఒకటి తెంపి పెట్టినాడు గూడా."

వెనకనుంచి శ్రీకాంత్ గొంతు అరుస్తోంది, కొత్తవి కొనిచ్చినానని గూడా చెప్పప్పా మేడంకు అని. వీరన్న నవ్వుతున్నాడు. నాకు సంతోషమే, కాని ఇన్నేళ్ల అలసటంతా ఒక్కసారే పైకి వచ్చినట్టయి, కళ్లు తుడుచుకోవడానికి కొంగు కోసం తడుముకున్నాను.

"ఉండావా అక్కా?"

"ఉండా. ఇంకోసారి వినిపించు వీరన్నా."

మళ్లీ మీట నొక్కాడు.